తిరుపతయ్య సంతకం

అమెరికాలోని చాండ్లర్‌లో అద్దెకివ్వడానికి శ్రీధర్ కొన్న ఇంటికి తిరుపతయ్య టైల్స్ వేశాడు. పని మొదట్లో, కూలి ఇవ్వకపోతే ఇంటిమీద హక్కుంటుందని అందరికీ పంపినట్టే నోటీసు పంపితే, "మనలో మనకి కాగితాలేంటన్నా?" అని శ్రీధర్ నొచ్చుకున్నాడు. పనయ్యాక ఫోనెత్తడం మానేశాడు. ఏడో తరగతి దాటని తిరుపతయ్య కౌంటీ ఆఫీసుకెళ్లి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ ఫారం నింపి, తన కూలి తీరేదాకా ఆ ఇంటిమీద హక్కుందని లీన్ వేసొచ్చాడు. ఒక్క కాగితం ఏం చేస్తుందిలే అనుకున్నాడు.

నెల తిరక్కుండా శ్రీధరే గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇంటికి బేరం కుదిరిందన్నా. నీ లీన్ ఉంటే క్లోజింగ్ కుదరదంట, ఇల్లు వాళ్ల పేరుకి మారదంట. చెక్ తెచ్చా, లీన్ తీసేస్తున్నట్టు ఈ రిలీజ్ కాగితం మీద సైన్ చెయ్యి."

"మనలో మనకి కాగితాలేంటి తమ్ముడూ?"

శ్రీధర్ చెక్ ముందుకు చాపాడు.

తిరుపతయ్య లీన్ కాపీ తీశాడు. అడుగున తన కోడిగీతల సంతకం. అంత ఇంటిని కదలనివ్వనివి ఈ గీతలేనా అని వేలితో తడిమి చూశాడు. తర్వాత లోపలికెళ్లి, చేతులు కడుక్కొచ్చి పెన్ను పట్టుకున్నాడు.