కిడ్నీ జోలికి పోని మాత్ర

దర్శిలో డాక్టర్ కోటేశ్వరి గారి క్లినిక్‌లో మెడికల్ రెప్పులకు పిలుపు వచ్చేది రోగులందరూ వెళ్లాకే. యూసుఫ్‌కి ఆ ఎదురుచూపులు అలవాటే. కానీ ఆ రోజు పక్కన మేనేజర్ సంజీవరావు ఉన్నాడు. అప్పుడప్పుడూ మేనేజర్లు రెప్పుల వెంట తిరిగి, డాక్టర్ల దగ్గర ఎలా మాట్లాడుతున్నారో చూడటం ఆ కంపెనీలో ఆనవాయితీ. ఈసారి చూడటానికి కాదు, తేల్చడానికే వచ్చాడు. కీళ్లనొప్పుల కొత్త మాత్ర దర్శిలో కదలకపోతే యూసుఫ్ ఉద్యోగం ఊడినట్టే.

బెంచీ మీద పుల్లమ్మ కూర్చుని ఉంది. మిరప కోతల్లో వంగి వంగి మోకాళ్లు అరగదీసుకున్న మనిషి. పాదాలకు వాపు కూడా ఉంది.

"మందుల కంపెనీ అబ్బాయివి గదా! నొప్పికి మంచి మాత్రుంటే డాక్టరమ్మకి చెప్పరాదా నాయనా?" అంది.

యూసుఫ్ నవ్వాడు. ఆమె లోపలికెళ్లి, చీటీతో బయటికొచ్చి, మెడికల్ షాపు వైపు కుంటుకుంటూ వెళ్లింది. ఆఖరి రోగి ఆమే.

రెప్పుల వంతు వచ్చింది.

"ఇప్పుడే మీ మాత్ర రాశాను. ఆమె కిడ్నీలు కాస్త దెబ్బతిన్నాయి. నిన్న ఫోన్లో మీరు భరోసా ఇచ్చారని రాశానండీ సంజీవరావు గారూ. నిజంగా ఏం కాదుగా?" అన్నారు డాక్టరు గారు.

"కొత్త మందు మేడం. కిడ్నీ జోలికే పోదు."

చెప్పేవాడికి వినేవాడు లోకువంటే ఇదే. మిగతా నొప్పి మాత్రల్లాగే ఇదీ కిడ్నీని దెబ్బతీస్తుందని ట్రైనింగులో చెప్పినప్పుడు ఈ పెద్దమనిషి ముందు వరసలోనే కూర్చున్నాడు.

"నువ్వేమంటావు యూసుఫ్?"

బల్ల కింద మేనేజర్ బూటు యూసుఫ్ కాలిని తొక్కింది. యూసుఫ్‌కి భయం వేసింది. ఇల్లు గడిచేది అతని జీతం మీదే.

"కిడ్నీ బాగోలేనివాళ్లకి ఇవ్వకూడదు మేడం."

డాక్టరు గారి ముఖం ఎర్రబడింది. "పోయినసారి వచ్చినప్పుడే ఈ ముక్క చెప్పడానికేం?"

"మీరు అడగలేదు మేడం." ఆ జవాబుకి యూసుఫ్‌కే సిగ్గేసింది.

"పరిగెత్తు! ఆమెను వెనక్కి తీసుకురా."

"వెళ్లావంటే మళ్లీ ఉద్యోగంలోకి రానక్కర్లేదు," అన్నాడు సంజీవరావు.

యూసుఫ్ బ్యాగు అక్కడే పడేసి పరిగెత్తాడు.

మెడికల్ షాపు మెట్ల మీద కూర్చుని పుల్లమ్మ మాత్రల అట్ట చింపుతోంది.

"వేసుకోవద్దమ్మా! డాక్టరమ్మ వేరే మందు రాస్తారంట, రా!"

పుల్లమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. "మీ మందేనని డాక్టరమ్మ చెప్పిందిగా ఇది? అమ్ముకునేవాడివి నువ్వే వద్దంటే, ఇంక నేనెవర్ని నమ్మేదయ్యా?"

యూసుఫ్‌కి రొప్పు ఆగలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నన్ను నమ్మమ్మా," అన్నాడు. "ఇప్పుడు నేనేమీ అమ్మట్లేదు."