వాంకూవర్ ఇంకెంత దూరం?

నేను ఒక బుల్లి తెరని. విమానంలో మీ ముందు సీటు వీపుకి అతుక్కుని ఉంటానే, అదే. నాలో బోలెడు సినిమాలు పోశారు. మనుషులు అవన్నీ వదిలేసి, ఇంకెంత దూరం, ఇంకెంత సేపు అంటూ మ్యాపే చూస్తారు. కళ్లప్పగించి చూస్తే దూరం తరుగుతుందని నమ్మకం.

ఆ నమ్మకంలో మల్సూరుని మించిన భక్తుడు నాకు దొరకలేదు. ఆయనది సూర్యాపేట, లారీ డ్రైవరు. కూతురు రేణుక బాక్సర్. ఆమె ఎప్పుడు రింగులోకి దిగినా ఈయన ఏదో రోడ్డు మీదే ఉండేవాడు. ఒక్క ఆటా చూడలేదు. ఆ రోజు సాయంత్రం వాంకూవర్‌లో ఆమె ఫైనల్‌కి వస్తానని మాటిచ్చాడు. తీరా ఢిల్లీలో విమానం ఆలస్యంగా లేచింది. నా లెక్క ప్రకారం, దిగేసరికి ఆట అయిపోతుంది.

పైగా నా మ్యాపులో దారి ఉత్తరానికి విల్లులా వంగి ఉంది. మల్సూరు భగ్గుమన్నాడు.

"ఏందమ్మా ఇది? సక్కగ పోక గీ సుట్టు తిరుగుడేంది? టోల్‌గేటు తప్పిస్తుండా పైలట్?"

పక్క సీట్లో తబస్సుమ్, చదువుకోవడానికి వెళ్తున్న నిజామాబాద్ పిల్ల, నవ్వాపుకుంది. "కాకా, మ్యాపు సాపుగుంటది, భూమి గుండ్రంగుంటది. నీ దగ్గర గుండ్రంది ఏమన్నుందా?"

కూతురి కోసం రొట్టె, బెల్లం కలిపి చేసి తెచ్చిన మలీద ముద్ద బయటికొచ్చింది. తబస్సుమ్ ఆయన చేతి ఎర్రదారం విప్పించి, ముద్ద మీద ఢిల్లీ ఒకచోట, వాంకూవర్ ఒకచోట అనుకుని అడ్డంగా ఆనించి బిగించింది. దారం జారి పైకెక్కింది.

"సూడు, గుంజితే పైకే పోతది. గదే దగ్గరి తొవ్వ."

మల్సూరు తనూ గుంజి చూశాడు. "ఔర! పైలట్ మంచోడే." ఇద్దరూ భూగోళాన్ని చెరిసగం తినేశారు.

అంతలో వెనకగాలి అందుకుంది. వేగం పెరిగింది, నా అంకెలు గబగబా కరగసాగాయి. మల్సూరు కుడికాలు నేలకి నొక్కి, "తొక్కు, తొక్కు!" అంటూ నన్ను వేలితో పొడిచాడు. నేను దూరం చెప్పగలనంతే, తగ్గించలేను. అయినా ఆ పూట నేనే నడుపుతున్నంత పొగరొచ్చింది.

చక్రాలు నేలని తాకాయి. మనవాళ్ల సంగతి తెలిసిందేగా, విమానం ఆగకముందే అందరూ లేచి నడవా నింపేశారు. ఈగ కూడా దూరలేదు. మల్సూరు ఫోన్ మోగింది.

"నాన్నా, యాడున్నవ్? ఈడ గూడ లేటే, నా వంతు ఇంకా రాలే. ఉరికిరా!"

తబస్సుమ్ సీటెక్కి నిలబడింది. "ఈ కాక బిడ్డది ఫైనల్! జర కూసోండ్రి!" అని తెలుగులో, హిందీలో, ఇంగ్లీషులో అరిచింది.

కూర్చున్నారు. చేతిలో సంచులతో సహా, వరుస వెంట వరుస, అందరూ. ఖాళీ నడవాలో మల్సూరు పరుగు. తలుపు దగ్గర్నించి ఆయన గొంతు వినిపించింది: "వస్తున్న బిడ్డా! నేనొచ్చేదాక ఆ పిల్లను పడగొట్టకు!"

రేణుక గెలిచిందో లేదో నాకు తెలీదు. తర్వాత నన్ను పీకి గోదాములో పడేశారు. ఇక్కడి పాత తెరలన్నీ తాము చూపిన సినిమాల గొప్పలు చెప్పుకుంటాయి. నేను మాత్రం లేచిన జనం మళ్లీ కూర్చున్న సంగతి చెబుతాను. ఒక్కటీ నమ్మదు.