అక్క మూలుగ

సహజ హంతక కణాలు, ఎవరు పెట్టారో ఈ పేరు, పదో తరగతి పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు హంతక అన్న చోట వెనక బెంచీలు నవ్వేవి, మోహన్ కూడా నవ్వి ఊరుకునేవాడు, ఒంట్లో హంతకులు లేకనే ఒక బిడ్డ పోతాడని అప్పుడెవరికి తెలుసు, కొడుకు బాలచంద్రకు అవీ లేవు, వాటికి తోడుగా ఉండాల్సిన టి కణాలూ లేవు, పుట్టగానే వేయించిన క్షయ టీకా పుండు మానలేదు, నోట్లో తెల్లపూత పోలేదు, దగ్గు పోలేదు, బోర్లా పడటం నేర్చుకున్న నెలలోనే వాడే పోయాడు, జబ్బు పేరు మాత్రం వాడు పోయాక వచ్చింది, ఇప్పుడు అదే పేరు పాపకు, పుట్టిన వారంలోనే, ఈ తిరుపతి ఆసుపత్రిలో, అద్దం తలుపు వెనక మాస్కు కట్టుకుని పాపను ఒళ్లో పెట్టుకున్న భార్య రూపశ్రీ, ఇవతల బెంచీ చివర అక్క నిర్మలమ్మ, తనకు అక్క, రూపశ్రీకి తల్లి, అంటే తనకు అత్త కూడా, నగరిలో మరమగ్గాల చప్పుడును కూడా మించిపోయే గొంతు, పెళ్లినాడు ఇకమీద తిట్టాల్సొస్తే తమ్ముడివి, పెట్టాల్సొస్తే అల్లుడివిరా అని పందిరంతా నవ్వించిన మనిషి, ఒకే లోపం తల్లీ తండ్రీ రెండు వైపుల నుంచీ వచ్చిందని డాక్టరు చెప్పిన నాటి నుంచి పాపను ఎత్తుకోదు, బయటి పిల్లను చేసుకుంటానంటివి, నేనే అడ్డం పడితిని, నా బిడ్డ నా కళ్లముందరే ఉండాలని, అని ఒక్కసారే అన్నది, మళ్లీ అనలేదు.

డాక్టరమ్మ లోపలికి పిలిచింది, కూర్చోండి మాస్టారూ, పాపకు ఎముక మూలుగ ఎక్కించాలి, మీదీ మీ ఆవిడదీ సగమే సరిపోయింది, మీ అక్కగారిది పూర్తిగా సరిపోయింది, దగ్గరి రక్తం కాబట్టే అమ్మమ్మతో ఇలా కలిసింది, మూలుగ ఎక్కించే వేలూరు ఆసుపత్రికి రాసిస్తాను, అతను లేవబోతూ ఆగాడు, అడగకుండా ఉంటే బాగుండేది, బాబు రక్తం దాచి ఉంచారు కదా మేడమ్, వాడికి సరిపోయేదా, ఆమె ఆ రక్తానికి చేసిన పరీక్షను కంప్యూటర్‌లో తెరిచి చూసింది, వాడిదీ ఇదే అంది, ఇదే అంటే, వాడు ఊపిరందక ఎగపోస్తుంటే మంచం పక్కన కూర్చుని దిష్టి తీస్తున్న అక్క ఎముకల్లోనే మందు ఉండింది, ఎవరూ అడగలేదు, ఎవరికీ తెలియలేదు.

బయటికి రాగానే అక్క లేచింది, ఏమన్నారురా, నీది సరిపోయిందక్కా, పూర్తిగా, నాదా, ఇంగోసారి బాగా సూడమను, ఈ మోకాళ్లనొప్పుల ఎముకల్లో ఏముండాదిరా, ఉండాదక్కా, ఉండాది, ఆమె మాస్కు కట్టుకుని కుళాయి దగ్గరికి పోయి మోచేతుల దాకా సబ్బు రుద్దుకుంది, పాపను ఎత్తుకోనిస్తారా అని అడుగుతూ తిరిగింది, తిరిగినది సగంలో ఆగిపోయింది, మోహనా, మరి మన పెద్దోడికి, నాది సరిపోయుండునా, తెలిసింది తెలిసినట్టే చెప్పాలని ఎంతమంది పిల్లలకు నేర్పాడు, కుళాయి కారుతూనే ఉంది, అక్క కళ్లు అతని నోటి మీదే ఉన్నాయి, లేదక్కా, వాడి రక్తం వేరే, మేడమ్ చూసే చెప్పింది, అన్నాడు, ఆమె మోచేత్తో కుళాయి కట్టేసి, తడి చేతులు దేనికీ తగలకుండా గాలిలో పట్టుకుని అద్దం తలుపు వైపు నడిచింది, ఆ చేతులు పాపను ఎత్తుకోవాలంటే ఈ ఒక్క నిజం వాటికి తగలకూడదు, రూపశ్రీకి కూడా తెలియకూడదు, దీన్ని తను ఒక్కడే మోయాలి, బతికినన్నాళ్లూ.