రాయి పగిలిన చోటు

మా అత్తవారి ఊళ్ళో భోజనాల వేళ కోడలు మోకాళ్ళ మీద కూర్చుని మగవాళ్ళ చేతుల మీద నీళ్ళు పోయాలి. ఆ రోజూ పోస్తున్నాను. పెదమామగారు చేతులు కడుక్కుంటూ, "మా గరికాయి గీసిన మ్యాపు! ఆకాశం నుంచి చూసే బోరెక్కడ వెయ్యాలో చెప్పేస్తాడు!" అని మురిసిపోయారు. నా భర్త గరికాయి నా వైపు చూడకుండా నవ్వాడు.

ఆ మ్యాపు గీసింది నేను. జియాలజీ చదివి రాజధాని హరారేలో ఉద్యోగం చేస్తుంటే, మా అబ్బాయి కుదా పుట్టగానే "పిల్లాణ్ణి పరాయివాళ్ళకి వదిలేస్తావా?" అని మాన్పించారు. ఆ తర్వాత గరికాయి బోర్ల ఆఫీసు పని మా ఇంటికొచ్చింది. "ఊరికే కూర్చుంటావు కదా, ఈ ఉపగ్రహం బొమ్మలు కాస్త చూసిపెట్టు." ఊరికే! పిల్లాణ్ణి పడుకోబెట్టి, గిన్నెలు తోమి, తడి చేతులు తుడుచుకుని చూసేదాన్ని. అత్తవారి ఊరున్న చివి జిల్లా అంతా గ్రానైటే. రాతిలో నీరుండదు, దాని పగుళ్ళలో ఉంటుంది. మా వానాకాలానికి ముందు, అన్నీ మాడిపోయిన అక్టోబరు బొమ్మలో కూడా చెట్లు గీత గీసినట్టు పచ్చగా నిలబడ్డాయంటే, కింద పగులు ఉండివుండాలి. అలాంటి గీతలు రెండు కలిసిన చోట చుక్క పెట్టాను. కింద పేరు మాత్రం ఆయనది.

"మన వాకిట్లోనే వెయ్యండి," అన్నారు పెదమామగారు. గరికాయి కాదనలేకపోయాడు. వంటపాకలో మొక్కజొన్న పిండితో సద్జా సంకటి గెలుకుతూ బోరుబండి మోత విన్నాను. ఎంత లోతుకి పోయినా తెల్లదుమ్మే.

"ఇంకొక్కటి వేస్తాం. అదీ ఎండితే బండి వేరే ఊరు పోద్ది. ఎక్కడెయ్యాలి సార్?" అన్నాడు డ్రిల్లర్ గుంబో.

గరికాయి మ్యాపు అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. పాక గుమ్మంలో అత్తయ్య తలపట్టుకుంది. ఏటి ఇసుకలో గుంట తవ్వి, ఊరిన నీళ్ళు చెంబుతో తోడి మోసుకొచ్చేది ఆవిడే మరి. నేను గరిటె పక్కన పెట్టి మగవాళ్ళ మధ్యకి నడిచాను.

"చుక్క ఇక్కడ కాదు. గుట్ట కింద, బీడు పడ్డ మొక్కజొన్న చేలో."

"వంటపాకలోంచి నీకు బండ కింద కూడా కనబడుతోందా, కోడలా?"

"ఆ మ్యాపు గీసింది నేనే, పెదమామయ్యా."

గరికాయి నేల చూశాడు.

"ఏం చెయ్యమంటారు సార్?" అన్నాడు గుంబో.

"ఆయన్నెందుకు అడుగుతారు? బండి తిప్పండి," అన్నాను.

చేలో మళ్ళీ దుమ్మే లేచింది. తప్పయితే ఈ మాట జన్మంతా వినాలి. అంతలో తుప్పురంగు రాతిముక్కలు పడ్డాయి. నీరు తిరిగిన రాయి! "వచ్చేస్తోంది!" అని అరిచాను. భుస్సుమని గాలి, బురద, ఆ వెనకే నీళ్ళు, చెట్లంత ఎత్తున. అత్తయ్య నాలుక ఆడిస్తూ సంబరాల కూత పెట్టింది. ఊరి ఆడవాళ్ళంతా అందుకున్నారు. నేనూ పెట్టాను, గొంతు బొంగురుపోయేదాకా.

బోరు చూడ్డానికొచ్చిన పక్క ఊరి పెద్ద తడిసిన టోపీ పిండుకుంటూ గరికాయి దగ్గరికొచ్చాడు. "మా ఊరికెప్పుడొస్తారు సార్?"

"వచ్చేవారం..." అంటున్నాడు గరికాయి.

"వచ్చేవారం ఆయనకి కుదరదండీ, పిల్లాణ్ణి చూసుకోవాలి," అన్నాను. "నేనొస్తాను."