ఉగాది దాకా దాచిన కెమెరా

"గిది మనింట్ల వద్దు బిడ్డా. ఎవలన్న ఎత్తుకపోతరు, లేకుంటే ఎలుకలు కొరుకుతయి. పేరు నీ మీదికే వస్తది."

సుక్కమ్మ గడపలో అడ్డం నిలబడి అన్నది. కొడుకు లింగస్వామి నల్లగొండలో కిష్టయ్య ఫోటో దుకాణంలో పనిచేస్తడు. అతని చేతిలో తోలుపెట్టె ఉన్నది. దాంట్లో బొంబాయి కెమెరా. బల్బు మెరిపిస్తే చీకటి అర్రలో కూడా ఫోటో పడుతదట. కిష్టయ్య దాన్ని ఉగాది నాడు బయటపెట్టాలె. అందాక ఎదురు ఫోటో దుకాణం రాములుకు వాసన కూడా తగలొద్దని ఇక్కడికి పంపిండు.

"బయటికి పొక్కితే సేటు నన్ను తీసేస్తడమ్మా. మళ్ల గొర్లెంబడి తిరుగాల్సిందే."

"గొర్లేం పాపం చేసినయిరా?"

"అవేం చెయ్యలే. నాకే చాతగాదు."

పెట్టెను గొంగట్ల చుట్టి జొన్నల గుమ్మిలో దింపిండ్రు. ఆనాటి నుంచి సుక్కమ్మకు ఇల్లు కదిలే తొవ్వ లేదు. నీళ్లకు పోతే దొంగలొస్తరేమో, పోకుంటే వాడకట్టు అనుమానపడుతదేమో. భయం తట్టుకోలేక బీరప్పకు పొట్టేలు మొక్కింది.

మొక్కిన పొట్టేలు మీద పసుపు నీళ్లు పోస్తే అది ఒళ్లు జాడించాలె. అప్పుడే దేవుడు ఒప్పుకున్నట్టు. సుక్కమ్మ దొడ్లె నీళ్లు పోసి, "కొడుకు పని మంచిగ కావాలె" అన్నది. పొట్టేలు నెమరేసుకుంట నిలబడ్డది. దేవునికి సమజ్ కాలేదేమోనని ఇంకో చెంబు పోసి, గొంతు పెంచి, బొంబాయి కెమెరా, మెరిసే బల్బు, ఉగాది, అన్నీ విప్పి చెప్పింది. అప్పుడు జాడించింది.

గోడ అవతల పిడకలు కొడుతున్న బిక్షమ్మ, "ఏం మొక్కు వదినె, గంత పొడుగున్నది?" అని నవ్వింది. బిక్షమ్మ రోజూ నల్లగొండ పోయి పాలు పోసేది రాములు ఇంట్లనే. ఆ మాట యాదికొచ్చి సుక్కమ్మ చెంబు అట్లనే ఇడిచిపెట్టి గుమ్మి దగ్గరికి ఉరికింది. కొడుకుకు మాత్రం చెప్పలేకపోయింది.

ఉగాది ఇంక నాలుగు రోజులున్నది. రాములు హైదరాబాదు పోయి అట్లాంటి కెమెరానే కిరాయికి తెచ్చి, దుకాణం ముందట బోర్డు కట్టిండు. ఆ పొద్దున్నే కిష్టయ్య లింగస్వామి ఇంటికి వచ్చిండు.

"నేను నా పెండ్లానికి గూడ చెప్పలే. నువ్వెవలకు చెప్పినవు?"

"ఎవలకూ చెప్పలే సేటూ."

"అయితే గుమ్మికి నోరొచ్చిందా? పెట్టె తే. రేపటి నుంచి రాకు."

సుక్కమ్మ లోపల గుమ్మి పట్టుకొని నిలబడ్డది. చెప్తే కొడుకు ముందర మొఖం చెల్లదు. చెప్పకుంటే కొడుకు అబద్ధాలకోరు అయితడు.

"ఆఖరుసారి అడుగుతున్న. ఎవలకు చెప్పినవు?"

లింగస్వామి తల అడ్డం ఊపిండు. కిష్టయ్య అరుగు మీద కూసున్నడు. ఎండ గడప దాకా పాకింది.

"వాడు కాదు సేటూ," అన్నది సుక్కమ్మ, తలుపు చాటు నుంచి బయటికి వచ్చి. "నేనే చెప్పిన. దొడ్లె, పొట్టేలుకు."