గుమ్మిలో అనీస్

నలభై ఎనిమిదిలో పోలీసు చర్య నాటికి అనీస్‌కు నాలుగేళ్లు నిండలేదు. తండ్రి ముర్తుజా నిజాం ఫౌజులో గుర్రాలు చూసుకునేవాడు. ఫౌజు ఓడిపోయాక అతన్ని పట్టుకుపోయారని తెలిసింది గానీ, ఏ జైల్లో ఉన్నాడో తెలియలేదు. ముసల్మానుల ఇళ్ల మీద మూకలు పడుతున్నాయని వినగానే తల్లి సర్వర్ బేగం పిల్లను చంకనేసుకుని పటాన్‌చెరు విడిచి లక్డారం పోయింది. గాజులు అమ్ముకునే ఆమెకు ఆ ఊళ్లో ముత్యమ్మ ఇల్లు ఒక్కటే తెలుసు.

ముత్యమ్మ ఒంటరిది. సర్వర్ నుదుట బొట్టు పెట్టి, "అడిగినోళ్లకు నా చెల్లె అని చెప్త. నువ్వు నోరిప్పకు," అన్నది. పిల్లను మాత్రం ఎవరి కంటా పడనిచ్చేది కాదు. కుక్కలు మొరిగితే చాలు, జొన్నలు పోసుకునే వెదురు గుమ్మిలోకి దించేది. ఖాళీ గుమ్మి అడుగున అనీస్ ఊపిరి బిగబట్టి కూర్చునేది.

మూకలు పోయినా పిల్ల భయం పోలేదు. సర్వర్ మళ్లీ గాజుల మలారం ఎత్తుకుని ఊళ్లు తిరుగుతున్నా, కొత్త గొంతు వినబడితే అనీస్ తనంత తానే ఎక్కి గుమ్మిలోకి దూకేది.

యాభయ్యో సంవత్సరం ఎండాకాలంలో ఒక పగటిపూట ముర్తుజా జైలు నుంచి విడుదలై వచ్చాడు. పటాన్‌చెరులో అడిగి తెలుసుకుని నడిచొచ్చాడు. గడ్డం మాసి, చెంపలు పీక్కుపోయి ఉన్నాడు. సర్వర్ ఇంట్లో లేదు. అతను పేరు చెప్పేసరికే అనీస్ గుమ్మిలో ఉంది.

"బయటికి రా బిడ్డా, మీ నాయిన," అని పిలిచింది ముత్యమ్మ. ఆమె గుమ్మిలో చెయ్యి పెట్టి లేపబోతే ముర్తుజా ఆపాడు.

"వద్దక్కా, గుంజకు. నన్ను గూడ గట్లనే గుంజిన్రు."

అతను గుమ్మి పక్కన కింద కూర్చున్నాడు. "నేను గూడ దాక్కున్న," అన్నాడు. "జొన్నచేన్ల."

లోపల గాజులు కదిలాయి. "దొరికినవా?"

"దొరికిన. దగ్గొచ్చింది."

"దగ్గొస్తే బట్ట నోట్ల పెట్టుకోవాలె. నీకు ఎవ్వరు చెప్పలేదా?"

"ఎవ్వరు చెప్పలే బిడ్డా."

"నేనైతే ఒక్కపారి గూడ దగ్గలే."

ముర్తుజా నవ్వబోయాడు. నవ్వు రాలేదు. భుజం మీది రుమాలు నోట్లో కుక్కుకుని వంగిపోయాడు. అనీస్ అంచు మీది నుంచి తొంగి చూసింది. మగమనిషి ఏడవడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

"ఇప్పుడు ఎవ్వరు రారు," అన్నది మెల్లగా. "బట్ట తీసెయ్యి. ఊపిరాడదు."

ఆ తర్వాత తనే దిగి, అతనికి కొంచెం దూరంలో నిలబడింది.

సర్వర్ వచ్చేసరికి ఇద్దరూ అట్లాగే ఉన్నారు. ఆమె మలారం దించడం మరిచిపోయి గడపలోనే ఆగిపోయింది.

"మిమ్మల్ని ఏడ దేవులాడాల్నో తెల్వకపాయె," అన్నాడు ముర్తుజా.

మర్నాడు అతను పటాన్‌చెరు పోదామన్నాడు. "మరి పెద్దమ్మ?" అని అడిగింది అనీస్. ఆ మాటతో అతను లక్డారంలోనే ఉండిపోయి, ముత్యమ్మ గోడకు ఆనించి ఒక గుడిసె వేశాడు. ఊళ్లో సంగప్ప అనే రైతు పొలంలో పనికి కుదిరాడు.

వానలు పడ్డాయి. అతను దున్నుతుంటే అనీస్ జొన్న గట్క గిన్నె తెచ్చి గట్టు మీద పెట్టింది.

"అబ్బా, సల్లారుతది. రా."

ముర్తుజా ఎడ్లను ఆపాడు. తిరిగొచ్చాక బిడ్డ తనను తండ్రిగా పిలవడం అదే మొదలు. ఆ పిలుపు కొత్తది కానట్టే, "ఉల్లిగడ్డ తెచ్చినవా?" అని అడిగాడు.

తెచ్చింది.