బావ వేసిన వెల్డింగ్

నాలుగు నెలలుగా రేణుక తన బావ రాఘవులు మొహం చూడలేదు. నీ వెల్డింగే నా మొగుణ్ణి మింగిందని దినాల నాడు అందరి ముందూ అనేసింది. రాఘవులు నోరు మెదపలేదు. దాంతో బీజాపూర్‌లో ఆ మాటే నిజమై కూర్చుంది. ఆయన షాపుకు ట్రాక్టరు తొట్టి తెచ్చేవాడు కూడా లేకుండా పోయాడు. తగిన శాస్తే జరిగిందనుకుంది రేణుక.

ఆమె భర్త వీరేందర్ తెరచాప పడవల కేంద్రంలో పనిచేసేవాడు. పోటీలకు పడవను ట్రైలర్ మీద తీసుకుపోయేటప్పుడు, తెరచాప కట్టే పొడవాటి మాస్టును దించి పడుకోబెడతారు. దాని కొస వెనకవైపు, ట్రైలర్‌కు రాఘవులు వెల్డింగ్ చేసిన ఇనుప పైపు స్టాండు మీద ఆనుతుంది. గీదం దగ్గర బండి ఆపి, తాళ్ళు బిగిద్దామని వీరేందర్ దాని కింద నిలబడ్డాడు. స్టాండు విరిగి మాస్టు మెడ మీద పడింది. అంతే, మనిషి లేడు.

ఆ ట్రైలర్ అప్పట్నుంచీ రాఘవులు షాపు వెనకే ఉంది. కొత్త స్టాండు గీదంలో పెట్టించడానికి ఇవాళ కేంద్రం డ్రైవర్ పొజ్జా వచ్చాడని తెలిసి, రేణుక తన చీర కోసం పరుగున వచ్చింది. మాస్టు గీసుకుపోకుండా స్టాండుకు మెత్తగా చుట్టింది ఆమే. లోపల పాత నీలం చీర, పైన వానకు ప్లాస్టిక్ పట్టా, ఇప్పపువ్వు మూటకు కట్టినట్టు గట్టిగా కట్టింది. ప్రతి ప్రయాణానికీ ముందు వీరేందర్ అడుగునున్న వెల్డింగును సుత్తితో తట్టి చూసేవాడు. చుట్టిన గుడ్డ మాత్రం ఏనాడూ విప్పలేదు, పెళ్ళాం అంత ముచ్చటగా కట్టింది కదా అని.

తిట్టడానికి సిద్ధపడే రేణుక ముందు వెల్డింగు చూసింది. అది చెక్కుచెదరలేదు. దాని మీద జానెడు పైపు నిటారుగా నిలబడే ఉంది. విరిగింది ఆ పైన, చీర మొదలైన చోట.

పక్కన పడి ఉన్న పై ముక్కకు చీర ఇంకా అలాగే ఉంది. ముడి లాగగానే ఊడొచ్చింది. ఆమె ముడి పళ్ళతో తప్ప ఊడదు. ఇది ఆమె వేసిన ముడి కాదు. గుడ్డ విప్పుతుంటే ఎర్రటి తుప్పు ఒడినిండా రాలింది. ఇనుము రేకంత పలచబడి ఉంది.

వెనక రాఘవులు నిలబడి ఉన్నాడు.

"వెల్డింగ్ ఊడలే బావా."

"ఊడలే."

"నీకు ముందే ఎరుకనా?"

"బండి తెచ్చిన్నాడే విప్పి చూసిన. వాననీళ్లు లోపలికి దిగి గుడ్డల నిలిచినయి. మళ్ల కట్టిన."

"మరి అంతమందిల నేను అట్లంటే ఒక్క మాటన్న చెప్పకపోతివి."

"వాడు పోయిన దుఃఖమే నీకు మోయరాకుంట ఉండె. ఇది గూడ నీ నెత్తినెట్లు పెడత? నన్నంటే ఏమైతది, షాపే గదా."

రేణుక అక్కడే కూలబడి ఏడ్చింది. మొగుడి కోసం ఏడ్చిన ఏడుపు కాదది, ఈ ఏడుపుకు ఓదార్పు లేదు. రాఘవులు చెయ్యి చాచాడు.

"ఆ గుడ్డ ఇటియ్యి. పొజ్జా చూడకముందే కట్టేస్త."

ఆమె ఇవ్వలేదు. విరిగిన పైపు పట్టుకుని రోడ్డు మీదున్న పొజ్జా దగ్గరికి నడిచింది.

"గీదం పోవద్దు అన్నా. ఇది వెల్డింగ్ కాడ విరగలే. నేను చుట్టిన గుడ్డ కింద పైపు కుళ్లింది. బజార్ల అందరికి ఇట్లనే చెప్పు. స్టాండు మా బావనే చేస్తడు."

సాయంత్రానికి రాఘవులు మందపాటి పైపు కోశాడు, దాని మొదలు దగ్గర రెండు పక్కలా ముక్కోణపు రేకులు అతికించాడు. మాస్టు ఆనే చోట ఏం చుట్టమంటావని అలవాటుగా అడగబోయి ఆగిపోయాడు.

"ఏం చుట్టకు బావా," అంది రేణుక. "మాస్టు గీసుకపోతే పోనీ. పైపు కండ్లకు కనబడాలె."